కోత్తగిరి దారిలో ఆగని ఇంజన్

డీజిల్ పంపుల గురించి నాకు తెలిసిందంతా భయపడుతూ నేర్చుకున్నదే. పెళ్ళయి కోయంబత్తూరు వచ్చిన కొత్తలో మా ఆయన షాపులో ఒక మూల కూర్చుని ఉండేదాన్ని. లారీ ఇంజన్లకు డీజిల్ కొలిచి కొట్టే పంపులను విప్పి, కడిగి, పంపులను తిప్పే మోటారు బెంచీ మీద పెట్టి చూసి సరిచేయడం ఆయన పని. ఒకరోజు నాజిల్ కొసనుంచి డీజిల్ సన్నటి మంచులా చిమ్ముతుంటే ముద్దొచ్చి చేయి చాపాను. ఆయన నా ముంజేతి మీద ఛెళ్ళున కొట్టాడు. కొట్టి, తనే బెదిరిపోయి, నా వేళ్ళన్నీ తిప్పి తిప్పి చూశాడు. ఆ తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుందట. పైకి సూది గుచ్చినట్టే ఉంటుందట, లోపల మాత్రం చేయి కుళ్ళిపోతుందట. అలా వేలు తీసేయించుకున్న మనిషిని ఆయన ఎరుగును. ఆ రోజు నుంచి ఆ బెంచీ తిరుగుతుంటే నేను రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చునేదాన్ని.

మా పుట్టిల్లు కారమడై. అమ్మ, తమ్ముడు అక్కడే ఉంటారు. ఉన్న కాస్త పొలంలో బావి ఎండిపోయాక తమ్ముడు ఒక పాత లారీ కొన్నాడు. మేట్టుపాళయంలో కోడి ఎరువు ఎత్తుకుని కొండ మీది కోత్తగిరి తోటలకు చేర్చడం, అక్కడినుంచి క్యారెట్టో క్యాబేజీయో దింపుకుని రావడం వాడి పని. నాకంటే చాలా చిన్నవాడు. మా నాన్న పోయినప్పుడు నా ఒళ్ళో కూర్చుని ఉన్నవాడు. అందుకే వాడు ఏమడిగినా ఇంట్లో ఎవరూ కాదనలేరు, మా ఆయన కూడా.

వాడు అడిగింది ఒక్కటే. లారీ కొండెక్కడం లేదు.

"బావా, ఎరువు ఎత్తుకోని పోతే రెండో గేరులోనే ముక్కుతాది. ఎనకాల బస్సువాడు హారన్ కొట్టి కొట్టి సంపుతాడు. పంపు కొంచెం ఎక్కువ సేసి ఇవ్వు బావా. ఒక్క సుత్తు తిప్పు, సాలు."

పంపులో ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని ఒక చుట్టు తిప్పితే ఇంజన్‌లోకి పడే డీజిల్ పెరుగుతుంది. డీజిల్ పెరిగితే బలం పెరుగుతుంది. వినడానికి అంతే. మా ఆయన మాత్రం చేతులు తుడుచుకుని వాడి వైపు తిరిగాడు.

"ఒక్క సుత్తా? నీకు తలకాయ ఉండాదా? అంత డీజిల్ పోస్తే మండేదానికి గాలి యాడిది? మండనిదంతా నల్లపొగ. ఇంజన్ కాగి కాగి పిస్టన్ కరిగిపోతాది. పాత ఇంజన్ రా అది, దానికి ఓర్సుకునే శక్తి లేదు."

"కొంచెం బావా. మా అక్క మింద ఆన, కొంచెం."

నా మీద ఆన పెట్టడం నాకు నచ్చలేదు. "వొద్దంటే ఇనరా" అన్నాను. వాడు నా వైపు చూసి నవ్వాడు, చిన్నప్పుడు బెల్లం అడిగేటప్పుడు నవ్వినట్టు. మా ఆయన చివరికి గోరంత తిప్పాడు. బెంచీ మీద పెట్టి, గాజు గొట్టాల్లో డీజిల్ మట్టం వంగి చూసి, మళ్ళీ ఒక వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. స్క్రూ చుట్టూ సన్నని తీగ చుట్టి, సీసం ముద్ద వత్తి సీలు వేశాడు.

"దీన్ని ముట్టుకున్నావంటే మళ్ళా నా షాపు గడప తొక్కద్దు" అన్నాడు. "సరి బావా, సరి సరి" అంటూ వాడు వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఫోన్ చేస్తే ముందు వాన గురించి, ఆవు గురించి, మోకాళ్ళ గురించి చెప్పి, ఆ తర్వాతగానీ అసలు సంగతికి రాదు. ఆ రోజు నేరుగా వండి సంగతికే వచ్చింది; లారీని మా ఇంట్లో తమిళంలో వండి అనే అంటాం.

"పాపా, వాడు పొద్దున్నే వండి తీస్తే మిద్దె మింద ఆరేసిన దుప్పట్లు నల్లగా అయిపోతుండాయి. పక్కింటామె తిడతా ఉండాది. అంత పొగ ఏమిటికి వస్తాది? నాకు భయ్యంగా ఉండాది. గాలి మాదిరి పోతుండాడు వాడు."

మా ఆయన తిప్పిన గోరంతకు అంత పొగ రాదని నాకు తెలుసు. ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఆయనకూ తమ్ముడికీ మాటలు ఆగిపోతాయి. అమ్మ మళ్ళీ అంది: "నువ్వు ఒక తూరి వాడితో పోయి రా సామి. అక్క పక్కన కూర్సుంటే మెల్లగా పోతాడు." కోత్తగిరిలో మా పెద్దమ్మకు ఒంట్లో బాగాలేదు. చూసి రావాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. పెద్దమ్మను చూసినట్టూ ఉంటుంది, వాణ్ణి చూసినట్టూ ఉంటుందని ఆదివారం తెల్లవారుతూనే కారమడై వెళ్ళి లారీ ఎక్కాను.

ఆ పాత లారీలో ఇంజన్ క్యాబిన్ లోపలికే ఉంటుంది. డ్రైవరుకూ పక్కన కూర్చున్నవాళ్ళకూ నడుమ, మూత వేసిన పెద్ద పెట్టెలా. నా మోకాలు ఆ మూతకు తగులుతూనే ఉంది. మేట్టుపాళయం దాటి పోకచెట్ల తోటలు అయిపోయి కొండదారి మొదలయ్యేసరికి మూత కాలడం మొదలుపెట్టింది. మోకాలు పక్కకు జరుపుకున్నాను.

లారీ మాత్రం ఎక్కింది. అబ్బ, ఎట్లా ఎక్కిందని! వెనక నిండా ఎరువు మూటలు. అయినా మలుపు తిరగ్గానే ఎవరో వీపు మీద చేయి పెట్టి తోసినట్టు ముందుకు దూకేది. వెనక అద్దంలో చూస్తే రోడ్డు కనపడలేదు. నల్లటి తెర. ఆ తెరలో ఎవరో స్కూటర్ మీద వస్తూ ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకోవడం ఒక్క క్షణం కనపడి మాయమైంది.

"సూసినావా అక్కా? ఏనుగు మాదిరి పోతాది."

"ఇది మీ బావ తిప్పింది కాదు."

వాడు ముందు ఒక మలుపు తిప్పాడు. తర్వాత తనే చెప్పాడు. ఫోనులో ఒక వీడియో చూశాడట. ఎవరో సీలు ఎట్లా కోయాలో, స్క్రూ ఎంత తిప్పాలో, గవర్నర్ విప్పి స్ప్రింగు కింద వాషరు ఎట్లా వేయాలో చూపించాడట. ఇంజన్ హద్దు దాటి పరుగెత్తకుండా డీజిల్‌ను వెనక్కి లాగిపెట్టేదే గవర్నర్. ఎద్దుకు ముక్కుతాడు లాంటిది. వీడు ఆ తాడును వదులు చేశాడు. ఇంటి ముందు, వేపచెట్టు కింద, స్పానర్లతో.

డ్యాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లు ఎర్ర గీతకు దగ్గరగా వణుకుతోంది. ఇక నేను కొండను చూడలేదు, లోయను చూడలేదు. ఆ ముల్లునే చూస్తూ కూర్చున్నాను. అది ఎర్ర గీత తాకినప్పుడల్లా "ఆపు, ఆపు" అనేదాన్ని. "పయప్పడాదె అక్కా" అనేవాడు తమిళంలో. భయపడకు అని చెప్పేటప్పుడు మా ఇంట్లో ఎందుకో అందరికీ తమిళమే వస్తుంది.

ఎరువు దింపాం. పెద్దమ్మను చూశాం. ఆమె నన్ను గుర్తుపట్టి, వాణ్ణి గుర్తుపట్టక, "ఈ అబ్బాయి ఎవురు, నీ కొడుకా?" అని అడిగింది. ఆమె ఇంట్లో అన్నం తిన్నాం. తోట దగ్గర క్యారెట్ మూటలు ఎత్తుకున్నాం. తిరిగి బయలుదేరే ముందు నేను బస్సులో పోతానన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. "నా వండిలో నీకు భయమా అక్కా?" అన్నాడు. భయమే. కానీ ఆ ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయాను. మళ్ళీ ఎక్కాను.

దిగుడు దారి. మంచు అప్పుడే విడిపోయి ఎండ వచ్చింది. టీ తోటల నడుమ ఒక పదునైన మలుపు దగ్గర పైకి వస్తున్న బస్సుకు దారిచ్చి, లారీని దాదాపుగా ఆపాడు. బస్సు పోయాక రెండో గేరు వేసి, కదలడానికి యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కి కాలు తీశాడు.

కాలు తీశాడు. నేను చూశాను, కాలు తీశాడు. ఇంజన్ మాత్రం తగ్గలేదు.

మొదట అది వాడికీ అర్థం కాలేదు. వంగి పెడల్ కింద చూశాడు, ఏదైనా ఇరుక్కుందేమోనని. పెడల్ పైకి వచ్చే ఉంది. శబ్దం మాత్రం పెరుగుతూ పోయింది. లారీ వంచుకున్న తలతో పరుగెత్తే ఎద్దులా ముందుకు దూకింది. వాడు బ్రేకు తొక్కాడు. ఒకవైపు బ్రేకు, ఇంకోవైపు ఇంజన్. రెంటి మధ్యా క్యాబిన్ మొత్తం గజగజా వణికింది. వాడు తాళం చెవి తిప్పి తీసేశాడు. ఏమీ కాలేదు. ఆ పాత ఇంజన్లకు తాళంతో పనిలేదు, డీజిల్ పడుతున్నంతసేపూ తిరుగుతూనే ఉంటాయి. ఆపడానికి ఒక తీగ ఉంటుంది, దాన్ని లాగాలి. లాగాడు. రెండు చేతులతో లాగబోయి, స్టీరింగు వదలలేక, ఒంటిచేత్తోనే పళ్ళు బిగించి లాగాడు. అది కదల్లేదు. లోపల ఏదో బిగుసుకుపోయింది.

"అక్కా, ఆగలేదక్కా! ఆగలేదు!"

క్లచ్ తొక్కాడు. చక్రాల భారం తప్పిపోగానే ఇంజన్ కేక పెట్టింది. దాన్ని శబ్దం అనలేను. గొంతు కోస్తున్న జంతువు అరుపులా, ఆగకుండా, పైకి పైకి పోతూ. కింద రోడ్డు మళ్ళీ వంపు తిరుగుతోంది. కుడివైపు లోయ. మా వైపు కొండ ఉంది. వాడు లారీని కొండకు ఆనించి రాసుకుంటూ తీసుకుపోయాడు. నా పక్క అద్దం పగిలి ఎగిరిపోయింది. మట్టిపెళ్ళలు, వేర్లు కిటికీలోంచి నా ఒళ్ళో పడ్డాయి. ముందు చక్రం రోడ్డువార కాలువలోకి దిగి, లారీ నిలబడింది.

లారీ ఆగిందే కానీ ఇంజన్ ఆగలేదు.

వాడి ఎడమకాలు క్లచ్ మీద, కుడికాలు బ్రేకు మీద. క్లచ్ వదిలితే లారీ మళ్ళీ దూకుతుందని వాడికి భయం. వదలకపోతే ఇంజన్ పగిలిపోతుందని నాకు భయం. ఆ మూత నా మోకాలి పక్కనే ఉంది. దాని కింద ఇనుము ఎర్రగా కాగుతూ గిరగిరా తిరుగుతోంది. పగిలితే ముక్కలు మొదట వచ్చేది మా ఇద్దరి మధ్యకే. తలుపు తీసి దూకుదామంటే నా వైపు కొండ. తలుపు తెరుచుకోలేదు. వాడి వైపు దిగాలంటే వాడు కాళ్ళు తీయాలి.

ఫోన్ తీశాను. వేళ్ళు ఎక్కడ పడుతున్నాయో తెలియలేదు. ఎవరికో మోగింది, కట్ చేశాను. మళ్ళీ నొక్కాను. మా ఆయన ఎత్తాడు. నేను నోరు తెరిచే లోపలే ఆయన అరిచాడు.

"యాడ ఉండారు? అది యే వండి?" ఆ శబ్దం విన్నాడు. విని అంతా తెలుసుకున్నాడు.

"కొండ మింద... ఆగలేదు... స్టాప్ తీగ లాగినాడు, ఆగలేదు..."

"వండి నిలిసిందా? నిలిసిందా లేదా, సెప్పు!"

"నిలిసింది. ఇంజన్ ఆగలేదు."

"ఇను. బాగా ఇను. టాప్ గేరు వెయ్యమను. బ్రేకు మింద లేసి నిలబడమను. హ్యాండ్ బ్రేకు నువ్వు లాగు. ఆ తర్వాత క్లచ్ టక్కుమని వదలమను. మెల్లగా కాదు, టక్కుమని. సీక్కిరం! సీక్కిరం!"

నేను వాడి చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. వాడు నన్ను చూశాడు గానీ ఆ చూపులో నేను లేను. పెదవులు తెల్లబడి ఉన్నాయి. "క్లచ్ వదల్ను. వదిలితే పోతాం అక్కా, లోయలోకి పోతాం" అంటున్నాడు, అదే మాట మళ్ళీ మళ్ళీ. గేరు రాడ్ మీద ఉన్న వాడి చేతి మీద నా చేయి వేశాను. ఇద్దరం కలిసి తోశాం. ఎక్కడ పడాలో వాడి చేతికి తెలుసు, మనసు మాత్రమే అక్కడ లేదు. గేరు పడింది. హ్యాండ్ బ్రేకు శక్తికొద్దీ పైకి లాగి రెండు చేతులతో పట్టుకున్నాను.

"వదలరా!"

"వదల్ను."

"నేను పక్కనే ఉండా కదరా సామి! వదులు!"

కళ్ళు మూసుకుని వదిలాడు.

లారీ ఒక్కసారి ఎగిరిపడింది. నా తల పైకప్పుకు కొట్టుకుంది. కాలిన వాసన, క్లచ్ పొగ, బ్రేకుల ఏడుపు. లారీ ఒక జానెడు ముందుకు పాకింది. ఆ జానెడూ నాకు ఇప్పటికీ నిద్రలో వస్తుంది. ఇంజన్ గొంతు కిందికి దిగింది. దగ్గింది. ఇంకోసారి దగ్గి, లోపల ఎక్కడో ఇనుము విరిగిన చప్పుడు చేసి, నిలిచిపోయింది.

ఫోన్ కింద పడి ఉంది. అందులో మా ఆయన గొంతు సన్నగా వినపడుతూనే ఉంది. "ఏమాయె? ఒక్క మాటన్నా పలుకు! ఏమాయె, సెప్పు!" నేను వంగి తీసుకోలేకపోయాను. చేతులు హ్యాండ్ బ్రేకును వదలడం లేదు. మా వెనకే కొండ దిగుతూ వచ్చి ఆగిన బస్సులోంచి కండక్టరు పరుగెత్తుకొచ్చి చక్రాల ముందు రాళ్ళు పెట్టాడు. వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పాడు. తమ్ముడు దిగి, రోడ్డు పక్కన కూర్చుని, పెద్దమ్మ పెట్టిన అన్నమంతా కక్కుకున్నాడు. నేను వాడి వీపు రాస్తూ నిలబడ్డాను. వీపు చొక్కాతో సహా తడిసి ముద్దయి ఉంది.

మా ఆయన బండి మీద వచ్చేసరికి ఎండ వాలింది. నన్ను చూశాడు, తలను తడిమి చూశాడు, మోచేయి తిప్పి చూశాడు. తిడతాడని వాడు తలవంచుకుని నిలబడ్డాడు. తిట్టలేదు. ఇంజన్ మూత ఎత్తి, పంపు వెనక డబ్బా విప్పి, వేలితో తడిమి వాషరు బయటికి తీశాడు. స్ప్రింగు కిందనుంచి జారి, డీజిల్ తగ్గించే కమ్మీకి అడ్డంపడి ఇరుక్కుంది. దాన్ని వాడి అరచేతిలో పెట్టాడు. అప్పుడు వాడు ఏడ్చాడు.

"నేను మొదట్నే తిప్పుండకూడదు" అన్నాడు మా ఆయన, ఎవరితోనో అన్నట్టు. ఇంకో లారీకి కట్టి దీన్ని కొండ దింపారు. నేను బస్సులో దిగాను. ప్రతి మలుపులోనూ డ్రైవరు కాలునే చూస్తూ.

అమ్మకు క్లచ్ పోయిందని మాత్రమే చెప్పాం. అమ్మ నమ్మలేదు. నా నుదుటి మీద బొప్పి చూసి, పసుపు అరగదీసి రాస్తూ, "క్లచ్చు నీ తలమింద పడిందా?" అని అడిగింది. ఆ రాత్రి తమ్ముణ్ణి తన మంచం పక్కనే చాప వేసి పడుకోమంది. అంత పెద్దవాడూ వెళ్ళి పడుకున్నాడు.

ఇంజన్ విప్పితే రెండు పిస్టన్లు కరిగి, ఒక రాడ్ వంగి కనపడింది. బాగుచేయడానికి చాలాకాలం పట్టింది. అన్నాళ్ళూ వాడు మా ఆయన షాపులోనే పనిచేశాడు. పంపులు కడిగేవాడు. బెంచీ తిరగడం మొదలుపెట్టి శబ్దం పైకి పోగానే ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోయేవాడు. నేనూ వెళ్ళేదాన్ని. ఇద్దరం టీ బంకు దగ్గర నిలబడి, ఆ సంగతి తప్ప ఇంకేదో మాట్లాడుకునేవాళ్ళం.

మా ఆయన పంపును మొదటి కొలతకే తెచ్చాడు. లారీ రోడ్డెక్కే రోజున వాడు స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పలేకపోయాడు. మా ఆయన పక్క సీటులోకి ఎక్కి తలుపు వేసుకున్నాడు. చాలాసేపటికి ఇంజన్ కదిలింది. వాళ్ళు కొండెక్కి దిగి వచ్చేదాకా నేనూ అమ్మా అరుగు మీదే కూర్చున్నాం. అమ్మ చిక్కుళ్ళు వలుస్తానని తెచ్చుకుంది. వలవలేదు. ఒక కాయను పట్టుకుని అలాగే కూర్చుంది.

వాడు ఇప్పటికీ ఆ దారిలోనే తిరుగుతున్నాడు. పైకి చేరగానే నాకు ఫోన్ చేస్తాడు, కిందికి దిగాక ఇంకోసారి చేస్తాడు. నేను అడగలేదు, తనే మొదలుపెట్టాడు. పెద్దమ్మ పోయినప్పుడు నేను కోత్తగిరికి వెళ్ళక తప్పలేదు. బస్సులో ఇంజన్ మూత పక్కనే ముందు సీటు ఖాళీగా ఉంది. "అమ్మా, ఇక్కడ కూర్చోండి, గాలి బాగా వస్తుంది" అన్నాడు కండక్టరు తమిళంలో. వద్దని చెప్పి వెనక్కి వెళ్ళి, కమ్మీ పట్టుకుని, పైదాకా నిలబడే వెళ్ళాను.